సత్యోపదేశం క్లాసు కోసం వెళ్ళాం, వారమంతా గుడితో ముడిపడింది: మా విచారణ గురించి నా రివ్యూ

పాలకొల్లుకీ భీమవరానికీ మధ్య ఉన్న ఒక ఊరి కథోలిక విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని చుట్టూ ఊళ్ళు) గురించి రాస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. ఇందులో మెచ్చుకున్నవీ ఉన్నాయి, ఫిర్యాదులూ ఉన్నాయి, అక్కడ ఉన్నది ఒక ఫాదర్ గారు, ఇద్దరు సిస్టర్లు, పేరు రాస్తే ఏ మాట ఎవరి గురించో ఊరంతా చెప్పేస్తుంది. ఏలూరు బిషప్ గారి కింద ఉండే మేత్రాసనంలో, ఈ డెల్టా ఊళ్ళలో ఇలాంటి విచారణలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది చదివి మీ ఊరికి అన్వయించుకోవచ్చు. పిల్లాణ్ణి ట్యూషన్‌లో వేసే ముందు పదిమందిని అడుగుతాం, పిల్లలకి విశ్వాసం నేర్పే సత్యోపదేశం దగ్గరికి వచ్చేసరికి ఎవరినీ ఏమీ అడగం, దగ్గర్లో ఏ గుడి ఉంటే అక్కడ కూర్చోబెట్టి వచ్చేస్తాం. నేనూ అలాగే చేశాను, అందుకే రాయాలనిపించింది.

మేము 2024 జూన్‌లో హైదరాబాద్ నుంచి వచ్చాం. మా ఆయనది రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, చెరువుల మీద తిరిగే పని. అప్పటికి మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, అమ్మాయికి పదమూడు. అబ్బాయికి అప్పటికే ప్రథమ సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పాన్ని మొదటిసారి తీసుకోవడం) క్లాసులో చేరాల్సిన వయసు, కానీ హైదరాబాద్‌లో మేము వెళ్ళే పెద్ద చర్చిలో క్లాసులు మొదలైన రెండో ఆదివారం వెళ్ళి అడిగితే, రిజిస్ట్రేషన్ అయిపోయింది, వచ్చే ఏడాది రండి అన్నారు. ఒక్క వారం ఆలస్యం. జ్వరం వచ్చి రాలేకపోయామని చెప్పినా ఫారం ఇవ్వలేదు. ఆ సంవత్సరమంతా ఆ పిల్లాడు పూజలో మా పక్కన నిలబడి, తోటి పిల్లలు క్లాసుకి వెళ్తుంటే చూసేవాడు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఇక్కడికి వచ్చిన మొదటి ఆదివారం పూజ అయ్యాక భయం భయంగానే సిస్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫారం అడగలేదు. "నీ పేరేంట్రా? జ్ఞానస్నానం ఎక్కడ తీసుకున్నావు?" అని వాడినే అడిగి, వరండాలో పరిచిన చాప మీద రెండో వరుసలో కూర్చోబెట్టారు. కాగితాలు తర్వాత తెచ్చుకోవచ్చమ్మా అన్నారు. జ్ఞానస్నాన పత్రం అవసరమే, దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఎందుకంటే జ్ఞానస్నానం ఎక్కడ జరిగితే ఆ విచారణ పుస్తకంలోనే తర్వాత భద్రమైన అభ్యంగనం (బిషప్ గారు తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), పెళ్ళి కూడా రాస్తారు, పెళ్ళికి ముందు అక్కడి నుంచే కొత్తగా తీసిన పత్రం తెమ్మంటారు. మాకు ఆ పత్రం పాత చోటు నుంచి రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఫోన్ చేసినప్పుడల్లా రేపు అనేవాళ్ళు. ఆ నాలుగు నెలలూ వాడు క్లాసులోనే ఉన్నాడు.

ముందుగా క్లాసు సంగతి. ఆదివారం ఏడు గంటలకు పూజ, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా సత్యోపదేశం. ఫీజు లేదు. ప్రశ్న జవాబుల జిరాక్స్ కాగితాలు ఇస్తారు, వాటిని బట్టీ పట్టించి ఒక్కొక్కళ్ళనీ లేపి అడుగుతారు. దేవ సంస్కారాలు ఎన్ని, ఏడు. దేవుని ఆజ్ఞలు ఎన్ని, పది. కథోలిక సంఘం ఆజ్ఞలు ఎన్ని, ఐదు. పిల్లలు గడగడా చెప్పేస్తారు. అర్థం అడిగితే సగం మంది నేల చూపులు చూస్తారు. ఆ గంట వరకే మార్కులు వేయమంటే ఐదుకి మూడు వేస్తాను, అంతకంటే వేయలేను. జిరాక్స్ కాగితాల్లో అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి, బొమ్మ ఒక్కటి ఉండదు. నలభై మందికి ఒకే క్లాసు, ఆరేళ్ళ పిల్లా పన్నెండేళ్ళ పిల్లాడూ ఒకే చాప మీద.

అయితే ఆ గంటలోనే కొన్ని ఆదివారాలు నేను మర్చిపోలేను. దివ్యసత్ప్రసాదం పాఠం చెప్తున్న రోజు ఒక పిల్ల లేచి, "సిస్టర్, మన ఊళ్ళో గోధుమలు పండవు కదా, వరే కదా పండేది, మరి అప్పం బియ్యప్పిండితో ఎందుకు చెయ్యరు?" అంది. రెండు పంటలూ వరి పండే చోట పుట్టిన పిల్లకే ఆ ప్రశ్న వస్తుంది. సిస్టర్ గారు కసురుకోలేదు. యేసు ప్రభువు తన చివరి భోజనం చేసిన రాత్రి బల్ల మీద ఉన్నది పాస్కపండుగ రొట్టె అనీ, పులియని గోధుమ రొట్టె అనీ, ఆయన చేతిలోకి ఏది తీసుకున్నాడో దాన్ని మార్చే హక్కు మనకి లేదని సంఘం నమ్ముతుందనీ, అందుకే ప్రపంచంలో ఎక్కడైనా గోధుమపిండి, నీళ్ళు, ద్రాక్షరసం తప్ప ఇంకోటి వాడరనీ నెమ్మదిగా చెప్పారు. పిల్ల కూర్చుంది కానీ మొహంలో కొంచెం వెలితి కనిపించింది. అప్పుడు వెనకాల కుర్చీలో కూర్చున్న ఉపదేశి తాతగారు, "వరిని కూడా తెద్దాంలేవే, కోతలు కానీ" అన్నారు. సార్వా కోతలయ్యాక నిజంగానే ఆ పిల్లల చేత వరికంకులు కుచ్చులుగా కట్టించి, కానుకలతో పాటు పీఠం దాకా మోయించి, పూజ అయ్యాక గుడి వసారాకి వేలాడదీయించారు, పిచ్చుకలు తినడానికి. మా ఇళ్ళ చూరుకి కట్టే కంకులే గుడికీ వచ్చాయి. మా వాడికి దివ్యసత్ప్రసాదం గురించి ఏమి గుర్తుందని ఇప్పుడు అడిగినా ముందు ఆ కంకుల సంగతే చెప్తాడు.

ఉపదేశి తాతగారి గురించి విడిగా రాయాలి. డెబ్బై దాటిన మనిషి, సైకిల్ మీద తిరుగుతారు. ఈ విచారణ కింద చుట్టూ ఏడు ఊళ్ళు ఉన్నాయి, ఫాదర్ గారు ఒక్కరు, ఆదివారం ఇక్కడ పూజ చేసి బండి మీద ఇంకో రెండు ఊళ్ళకి వెళ్తారు, మిగతా ఊళ్ళకి వంతులవారీగా రెండు మూడు వారాలకొకసారి. ఫాదర్ గారు రాని ఆదివారం ఆ ఊళ్ళలో అందరినీ కూడేసి పఠనాలు చదివించి ప్రార్థన చేయించేది ఈయనే. ఎవరికి ఒంట్లో బాలేదో, ఎవరింట్లో గొడవో, ఏ ముసలావిడకి అవస్థ అభ్యంగనం (జబ్బు మనిషికి తైలం పూసి చేసే ప్రార్థన) ఇవ్వాలో ఫాదర్ గారికి చెప్పేది ఈయనే. పోప్ ఫ్రాన్సిస్ గారు 2021 మే నెలలో ఉపదేశి పనిని సంఘంలో ఒక అధికారిక పరిచర్యగా నిలబెట్టారని ఫాదర్ గారు ఒకసారి ప్రసంగంలో చెప్పినప్పుడు అందరం వెనక్కి తిరిగి తాతగారి వైపు చూశాం. ఆయన తల దించుకుని జపమాల తిప్పుకుంటున్నారు.

తాతగారు క్లాసులో పెద్దగా మాట్లాడరు. ఆయన క్లాసు కాలవగట్టు మీద. మా వాడు స్కూలు నుంచి వస్తుంటే సైకిల్ ఆపి, "ఏరా, విశ్వాస సంగ్రహం ఎక్కడిదాకా వచ్చింది?" అని అడుగుతారు. మనం ఏం నమ్ముతామో చెప్పే జపం అది. ఒకరోజు వాడు ఆయన్నే ఎదురు అడిగాడట, దేవుడి ప్రార్థనలో యేసుకి సిలువ శిక్ష వేసిన పిలాతు పేరు ఎందుకు తాతా, వాడు చెడ్డోడు కదా అని. తాతగారు, "మీ తాత పొలం దస్తావేజు చూశావా? చివర్లో సబ్ రిజిస్ట్రార్ సంతకం ఉంటది. ఆయన మంచోడా చెడ్డోడా అని కాదు, ఫలానా వాళ్ళ హయాంలో ఇది నిజంగా జరిగింది అని సాక్ష్యం. ఇదీ అంతే, కట్టుకథ కాదు" అన్నారట. ఇంటికొచ్చి వాడు ఇది నాకు చెప్పినప్పుడు, ముప్పై ఏళ్ళుగా ఆ ప్రార్థన చెప్తున్న నేను ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగి చూడలేదని తెలిసింది.

అందుకే నేను చెప్పేది, ఇక్కడి సత్యోపదేశాన్ని ఆదివారం గంటతో కొలవకండి, వారం మొత్తంతో కొలవండి. పొద్దున్న ఆరింటికి సిస్టర్ల కాన్వెంట్‌లో రోజూ పూజ. మంగళవారం సాయంత్రం పునీత అంతోని గారి నొవేనా (వేడుకోలు ప్రార్థనలు), బుధవారం నిత్య సహాయ మాత నొవేనా, మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాద ఆరాధన. అన్నిటికీ వెళ్ళాలని కాదు, ఎవరూ అలా లెక్క కూడా అడగరు. మేము పట్టుకున్నది శనివారం సాయంత్రం జపమాల. మరియమ్మ స్వరూపాన్ని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకెళ్తారు, ఆ వారం ఎవరింట్లో ఉంటే ఆ వీధి వాళ్ళంతా ఆ ఇంటి ముందు చాపలేసుకుని కూర్చుంటారు. శనివారం కాబట్టి సంతోష దేవరహస్యాలు, అంటే యేసు పుట్టుక, బాల్యం ఘట్టాలు. మరియమ్మ జపం పదిసార్లు చెప్పే ఒక్కో గురుతుకీ ముందు ఒక పిల్లాడో పిల్లో లేచి ఆ రహస్యం పేరు, దాని కోసం ఒక మనవి చెప్పాలి. మనవులు పిల్లలవే, వాళ్ళ మాటల్లోనే. మా నాన్న చెరువులో రొయ్యలకి తెగులు రాకుండా చూడు తల్లీ అంటాడు ఒకడు. బావ తాగడం మానాలి అంటుంది ఇంకో పిల్ల, ఆ బావ అక్కడే గోడకి ఆనుకుని నిలబడి ఉంటాడు. ఏ క్లాసులోనూ ప్రార్థన చేయడం ఇంత బాగా నేర్పలేరు.

ఇంకో సంగతి, ఈ పిల్లల్లో చాలామంది అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర పెరుగుతున్నవాళ్ళు. అమ్మలు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్ళల్లో పని చేస్తుంటారు. జపమాల టైముకి వీడియో కాల్ చేస్తారు, ఫోన్‌ని మరియమ్మ స్వరూపం పక్కన గ్లాసుకి ఆనించి పెడతారు, అక్కడ అమ్మ, ఇక్కడ బిడ్డ కలిసి మంగళవార్త జపం చెప్తారు. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి వాళ్ళు ఆదివారం పూజ శుక్రవారమే చూసేస్తారు, ఆ సువిశేషం ఏమిటో ముందే పిల్లకి చెప్పేస్తారు. ఆదివారం ఇక్కడ అదే సువిశేషం చదివినప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి, మా అమ్మ చెప్పింది అని పక్కవాళ్ళని మోచేత్తో పొడుస్తుంది. ప్రపంచంలో దాదాపు అన్ని కథోలిక గుళ్ళలో ఒకే ఆదివారం ఒకే బైబిల్ పఠనాలు చదువుతారని, మూడేళ్ళకోసారి మత్తయి, మార్కు, లూకా తిరిగొస్తారని క్లాసులో చెప్పారు. 2025 నవంబర్ 30న, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదలైన దగ్గర్నుంచి మత్తయి వంతు వచ్చింది. ఆ పిల్లకి మాత్రం విశ్వ సంఘం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

2025 ఏప్రిల్ 21న, పునరుత్థాన పండుగ (ఈస్టర్) మర్నాడు, పోప్ ఫ్రాన్సిస్ గారు పోయారని తెలిసిన సాయంత్రం గుడి గంట చాలాసేపు మోగింది. మే నెల మరియమ్మ మాసం కాబట్టి రోజూ జపమాల ఉంటుంది, మే 8 రాత్రి మా వీధిలో జపమాల అయ్యాక కూడా ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు, ఒక ఇంటర్ చదివే అబ్బాయి ఫోన్ పట్టుకుని కూర్చుంటే పదిహేను మంది పిల్లలు వాడి మీద పడి చూస్తున్నారు. తొమ్మిదిన్నర దాటాక, కొత్త పోప్ ఎన్నికయ్యారని చెప్పే తెల్లపొగ వచ్చింది. ఆ అరుపులకి కుక్కలు మొరిగాయి, నిద్రపోయినవాళ్ళు లేచి వచ్చారు. ఆయన పేరు చెప్పాక, పదకొండో లియో కాదు, పద్నాలుగో లియో అని తాతగారు పిల్లలకి సరిచేసి చెప్పారు. అప్పుడే, కార్డినల్స్ ఎవరు, పోప్‌ని ఎలా ఎన్నుకుంటారు, మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కూడా లోపల ఓటు వేశారు, 2022లో తెలుగువాళ్ళలో మొదటిసారి కార్డినల్ అయ్యింది ఆయనే అని సిస్టర్ గారు మొదలుపెట్టారు, రాత్రి పదకొండు గంటలకి వీధిలో క్లాసు నడిచింది.

మా వాడి ప్రథమ సత్ప్రసాదం ఆ నెలలోనే. దానికి ముందు పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం) అంటే వాడికి ఎంత టెన్షన్ అంటే రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. ఇక్కడ ఫాదర్ గారు చేసిన ఒక పని నాకు చాలా నచ్చింది. చీకటి పెట్టెలో కాకుండా, గుడి పక్క వరండా చివర అందరికీ కనిపించేలా, ఎవరికీ వినిపించనంత దూరంలో రెండు కుర్చీలు వేయించారు. ముందు రోజు పిల్లలందరినీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఏం జరుగుతుందో చూపించారు, ఏం చెప్పాలో మర్చిపోతే నేనే సాయం చేస్తాను, నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను, మీ అమ్మ అడిగినా చెప్పను అన్నారు. మా వాడు పశ్చాత్తాప జపం మధ్యలో మర్చిపోయాడట, ఫాదర్ గారు వాడితో పాటు చెప్పారట. బయటికొచ్చి వాడు పరిగెత్తిన పరుగు నేను చూశాను. తెల్లబట్టలు, కొవ్వొత్తి, ఫోటోలు అన్నీ ఉన్నాయి కానీ బట్టల కోసం ఎవరూ అప్పు చేయకూడదని రెండు నెలల ముందే చెప్పేశారు, స్కూలు తెల్ల చొక్కా చాలు అన్నారు. నాలాంటి తల్లులు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

ఇప్పుడు ఫిర్యాదులు. పెద్దది ఒకటి ఉంది, అది టీనేజ్ పిల్లల సంగతి. మా అమ్మాయి భద్రమైన అభ్యంగనానికి తయారవ్వాలి. బిషప్ గారు వచ్చే తేదీ తెలిసేదాకా ఆ వయసు పిల్లలకి ప్రత్యేకంగా ఏమీ లేదు. తేదీ తెలిసాక పది రోజులు సాయంత్రం పూట హడావుడి క్లాసులు, పవిత్రాత్మ వరాలు ఏడు బట్టీ పట్టించారు, పాటలు ప్రాక్టీస్ చేయించారు, అయిపోయింది. ఆ పది రోజుల్లో మా అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్నకి కూడా టైము దొరకలేదు. స్కూల్లో లూథరన్ స్నేహితురాళ్ళు, మీరు మరియమ్మను పూజిస్తారా అని దాన్ని రోజూ అడుగుతారు. ఆరాధన దేవుడికొక్కడికే, మరియమ్మకీ పునీతులకీ ఇచ్చేది గౌరవం, వాళ్ళని మన కోసం వేడుకోమని అడుగుతాం అని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు నేను ఇంట్లో కూర్చుని చెప్పాను, నాకు తెలిసినంత. అభ్యంగనం అయిన మరుసటి ఆదివారం నుంచి, అది తీసుకున్న ముప్పై మందిలో క్లాసు వైపు వచ్చింది నలుగురు. ఇంకా నేర్చుకోవాల్సిన వయసులో, అంతా అయిపోయింది అనుకుని వెళ్ళిపోతున్నారు.

ఫాదర్ గారితోనే ఈ మాట అన్నాను, ఆయన కోప్పడలేదు, మనుషులు లేరమ్మా అన్నారు. అది నిజమే. కానీ ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకి కొంచెం నేర్పితే చిన్నవాళ్ళకి వాళ్ళే చెప్పగలరు. మా అమ్మాయి గది గోడకి కార్లో అకూటిస్ బొమ్మ ఉంది. జీన్స్, బూట్లు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు, పదిహేనేళ్ళకే 2006లో చనిపోయాడు, 2025 సెప్టెంబర్ 7న సంఘం పునీతుడిగా ప్రకటించింది. మన దేశంలో పెళ్ళయి సంసారం చేసిన దేవసహాయం గారు 2022లో పునీతుడయ్యారు, ఆయనా రాజుగారి కొలువులో ఉద్యోగం చేసుకున్న మనిషే. ఇలాంటి కథలు ఆ వయసు వాళ్ళకి చెప్తే వింటారు. ఏడు వరాల జాబితా ఒక్కటే చెప్తే వినరు.

చిన్న ఫిర్యాదులు గబగబా చెప్పేస్తాను. ఆడవాళ్ళ బాత్రూంలో నీళ్ళు ఉండవు, పక్కింటి నుంచి బకెట్‌తో తెచ్చుకోవాలి, రెండు గంటలు ఉండే చోట ఇది తప్పకుండా సరిచేయాల్సిన విషయం. మైకు మరీ ఎక్కువ సౌండు పెడతారు, ముందు వరుసలో పసిపిల్లలు ఏడుస్తారు, పఠనం చదివేవాళ్ళ మాట అర్థం కాదు. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగిపోతాయి, ఏప్రిల్, మే నెలల్లో ముసలివాళ్ళకి కష్టం. వానాకాలంలో వరండా జల్లు కొట్టి సగం తడిసిపోతుంది, వాయుగుండం పట్టిన వారం క్లాసు ఉండదనే అనుకోండి. బండ్లు చింతచెట్టు కింద పెట్టుకోవచ్చు, చోటు బోలెడు. ఆటో అయితే మెయిన్ రోడ్డు మీద దిగి కాలవ వంతెన దాటి ఐదు నిమిషాలు నడవాలి.

తీర్థయాత్రలు బాగా చేయిస్తారు. ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకి, 9, 10, 11 తేదీల్లో ఏదో ఒక రోజు బస్సు వేస్తారు, మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరికి కూడా. బస్సులో వెళ్తూ జపమాల, వస్తూ పాటలు. ముందు సీటు కావాలంటే ముందే చెప్పాలి. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో శుక్రవారం, యేసు సిలువ మోసిన దారిని తలుచుకునే సిలువమార్గం పిల్లలే నడిపిస్తారు, పద్నాలుగు స్థలాలకి పద్నాలుగు మంది. ఇళ్ళల్లో పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేయమంటారు, ఆ బియ్యం చివరికి ఎవరింటికి చేరిందో పిల్లల్ని వెంట తీసుకెళ్ళి చూపిస్తారు. మా వాడు పోయినసారి మూట మోశాడు, ఒంటరిగా ఉండే ఒక మామ్మగారి ఇంటికి. అప్పటి నుంచి ఆవిడ కనబడితే ఆగి పలకరిస్తాడు.

మా ఆయన సంగతి కూడా రాయాలి. పెళ్ళయిన కొత్తలో పండుగలకి తప్ప గుడికి రాని మనిషి, రాత్రిళ్ళు చెరువుల దగ్గర పని, ఆదివారం పొద్దున్న నిద్ర. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. మా ఇంటి వంతు వచ్చిన శనివారం చాపలు పరిచి, లైటు కట్టి, అందరికీ టీ ఇచ్చారు, చివర్లో తాతగారు, "బాబూ, ఆఖరి గురుతు నువ్వు చెప్పు" అని జపమాల చేతిలో పెట్టారు. ఆయనకి పరలోక జపం తప్ప ఏదీ సరిగ్గా రాదు. మా వాడు పక్కన నిలబడి మెల్లగా అందించాడు. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలైనా పూజకి వస్తున్నారు.

మార్కులు వేయాలంటే ఆదివారం క్లాసుకి మూడు, టీనేజ్ పిల్లల తయారీకి ఒకటిన్నర, వీధి జపమాలకీ, ఉపదేశి తాతగారికీ, పిల్లల మొదటి పాపసంకీర్తనం చేయించిన తీరుకీ ఐదుకి ఐదు. బాత్రూంకి ఏమీ వేయను.

కొత్త క్లాసులు జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన తర్వాతి ఆదివారం మొదలవుతాయి. జ్ఞానస్నాన పత్రం జిరాక్స్ ఒకటి తీసుకెళ్ళండి. మీ పిల్లలది వేరే ఊళ్ళో అయితే ఇప్పుడే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టండి, టైము పడుతుంది. కాగితం ఇంకా రాలేదని పిల్లల్ని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి, ఆలస్యమైనా సరే తీసుకెళ్ళండి, చాప మీద చోటు ఇస్తారు.